నౌషిర్ సార్ ఖాళీగా ఉంచిన చోటు

కిందటి వారం మనం నిఖితను రిహార్సల్‌లో, పియానో ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల అప్పటినుంచీ లోలోపల ఉడికిపోతూనే ఉంది. డ్రమ్స్ వాయించే ఓంకార్ రెండు పుల్లలూ కింద పెట్టేసి, "ఆ జాగల నువ్వు వేలు పెట్టినవంటే నేను లేచి పోత బిడ్డా. మల్ల నా పేరు పిలవొద్దు" అని తేల్చి చెప్పాడు కదా. ఆ జాగా ఏమిటో, దాని కోసం ఇంత పంతం ఏమిటో, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

నౌషిర్ దూమాసియా సూరత్‌లో పుట్టి సూరత్‌లోనే కన్నుమూసిన పార్సీ పెద్దమనిషి. బట్టల ఊళ్ళో జాజ్ ఏమిటని నవ్వినవాళ్ళే, ముంబై నుంచీ కలకత్తా నుంచీ కుర్రాళ్ళు ఆయన కట్టిన బాణీలు నేర్చుకోవడానికి నాన్‌పురా సందులు వెతుక్కుంటూ వస్తుంటే నోళ్ళు మూసుకున్నారు. ఆ బాణీల్లో పెద్ద పేరు వచ్చింది 'సామే పార్'కి. గుజరాతీలో అంటే అవతలి ఒడ్డు. ఆ బాణీ మధ్యలో పియానో ఉన్నట్టుండి ఆగిపోతుంది. నాలుగు దెబ్బల ఆవర్తాలు సరిగ్గా ఎనిమిది నడిచేంతసేపు డ్రమ్స్, బేస్ గిటార్ మాత్రం గుసగుసగా నడుస్తాయి. ఆ తరువాత పియానో మళ్ళీ వచ్చి బాణీని అందుకుంటుంది. ఆ మధ్యలో ఏముందయ్యా అంటే, ఏమీ లేదు.

నిఖిత ఏడేళ్ళ వయసు నుంచీ ఆయన శిష్యురాలు. నాలుగేళ్ళ కిందట ఒక కచేరీలో గురువుగారు ముందు వరుసలో కూర్చుని ఆమె చేత 'సామే పార్' వాయింపించారు. సూరత్ జనం తెలుసుగా, సంగీతం ఆగితే అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తారు. ఆ రోజూ వెనక వరుసల్లో మొదలుపెట్టారు. నిఖితకు తల కొట్టేసినట్టయింది. ఆ చప్పట్లను ఆపడానికి గబగబా ఆ ఖాళీలో ఏదో వాయించి నింపేసింది. హాలంతా మెచ్చుకుంది. గురువుగారు మాత్రం లేచి, "అది నీది కాదు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే పోయారు.

ఈ రోజు ఆయన సంవత్సరీకం. ఆయన పేరిట నాన్‌పురాలో పాత పార్సీ హాల్లో కచేరీ. పియానో నిఖిత, డ్రమ్స్ ఓంకార్, బేస్ గిటార్ క్రాంతి. ఆఖరి అంశం 'సామే పార్'. ఏడాదిపాటు కూర్చుని ఆ ఎనిమిది ఆవర్తాలకూ నిఖిత ఒక బాణీ కట్టుకుంది. గురువుగారికి చెప్పలేకపోయిన వీడ్కోలు అంతా అందులో పెట్టుకుంది. అది వాయించకుండా స్టేజీ దిగితే ఇక జన్మలో చెప్పుకునే వీలుండదని ఆమె నమ్మకం. వాయిస్తే ఓంకార్ లేచిపోతాడు. ఓంకార్ లేకపోతే ఆ బాణీ లేదు. సంగతి ఇదీ.

కచేరీ మొదటి సగం బ్రహ్మాండంగా నడిచింది. నౌషిర్ సార్ ఇంటినుంచి ఆరుగురు హమాలీలు మోసుకొచ్చిన పాత పియానో, పొద్దున మొరాయించినా సాయంత్రానికి దారికొచ్చింది. విరామంలో జనమంతా వేడివేడి శనగపిండి లోచో ప్లేట్ల మీద పడ్డారు. సార్ భార్య ఖోర్షెద్ ఆంటీ తెల్లచీరలో గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ బుగ్గలు నిమురుతోంది. మూడో వరుసలో నిఖిత తల్లి లలిత, తండ్రి విశ్వనాథం కూర్చున్నారు. విశ్వనాథం హజీరాలో ఒక గ్యాస్ కంపెనీలో భద్రత చూసే మేనేజర్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురి కచేరీలకు వస్తాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చివరిదాకా కూర్చుంటాడు, ఎలా ఉందంటే "బాగుంది" అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క రాదు.

స్టేజీ వెనక గదిలో ఓంకార్ ఒక్కడే స్టీలు గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే తండ్రి వెంట మగ్గాల పనికి వచ్చి, పెళ్ళిళ్ళ బ్యాండులో డోలు కొట్టి, నౌషిర్ సార్ కంట పడి జాజ్‌లోకి మళ్ళినవాడు. డెబ్భై దగ్గరపడుతున్నా మణికట్టు మాత్రం ఇరవై ఏళ్ళవాడిదే.

నిఖిత తలుపు దగ్గరకి వేసి ఎదురుగా నిలబడింది.

"కాకా, నాకు కారణం కావాలి. ఒకసారి వాయించింది రెండోసారి వాయించొద్దు, మక్కీకి మక్కీ చేసేవాడు గుమాస్తా అని నేర్పింది సారే. మరి ఆ ఒక్క చోట మాత్రం వేలు పెడితే పాపమా? నా వల్ల ఆయన పేరు ఎక్కడ తగ్గుతుందో అని కదా మీ అందరి భయం?"

ఓంకార్ గ్లాసులోంచి తల ఎత్తలేదు.

"గట్ల అనుకుంటున్నవా నాలుగేండ్ల సంది?"

"ఇంకేమనుకోమంటారు? చివరి రోజుల్లో చూద్దామని పోతే లోపలికి రానీలేదు. ఇవాళ ఆయనకు నేను చెప్పుకునేది ఆ చోటే ఉంది కాకా. మీరు లేచిపోతే లేచిపోండి. నేను మాత్రం వాయిస్తా."

పంతం కన్నా ఏడుపు ఎక్కువున్న మాట అది. ఓంకార్‌కు అది తెలియకపోలేదు. గ్లాసు పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"సార్ నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. పోరికి చెప్పకురా ఓంకార్, ఆమె తన వేళ్ళతోని వచ్చింది, ఇంకొకల లెక్క ఆమె నెత్తిన పెట్టొద్దు అన్నడు. సార్ పోయిండు. నువ్వేమో గిట్ల మొండికేసినవ్. ఏం జెయ్యాలె నేను?" తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ఆ జాగ ఉత్తగ ఖాళీ పెట్టింది గాదు బిడ్డా. అది ట్రంపెట్ జాగ. మీ నాయినది."

నిఖితకు ముందు నవ్వొచ్చింది. టీవీ సౌండు కాస్త పెరిగితే రిమోట్ కోసం వెతికే నాన్న. పెళ్ళి ఊరేగింపు ఎదురైతే కారు అద్దం ఎత్తేసే నాన్న.

"మా నాన్నా? ట్రంపెటా?"

"కాజీపేట రైల్వే కాలనీల ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ నేర్పిండట. హజీరాల నౌకరీకి వచ్చిన కొత్తల సార్ ఇంటి కింద నిలబడి పాట వింటుంటే సార్ పైకి పిలిచిండు. ఊదమంటే ఊదిండు. నేను అప్పుడు ఆడనే ఉన్న. గసొంటి ఊదుడు నేను మల్ల వినలే. అబద్ధం ఎందుకు చెప్పాలె? మనిషి మీద నాకు ఎంత కోపమున్నా ఆ మాట అబద్ధం చెప్ప."

"కోపం ఎందుకు?"

బయట ఎవరో పిల్లలు కుర్చీల మధ్య పరుగెత్తుతుంటే ఖోర్షెద్ ఆంటీ "అరే దీక్రా, ధీమే, ధీమే" అని, మెల్లగా నడవమని మందలిస్తోంది. ఆ సందడి తగ్గేదాకా ఆగి, ఓంకార్ ఎవరికో కాక తనకే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

తొంభై నాలుగులో ఊళ్ళో ప్లేగు వచ్చింది. ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు గట్టిగా అనరు. ఆ వారంలోనే 'సామే పార్' క్యాసెట్ రికార్డింగు పెట్టుకున్నారు. తాపీ నదికి అవతలి ఒడ్డున అడాజన్‌లో కాపురముండే ట్రంపెట్ వాడి కోసమే ఆ బాణీ, ఆ పేరు. మధ్యలో ఎనిమిది ఆవర్తాలు పియానో నోరు మూసుకుని అతని మాట వినాలని సార్ రాసుకున్నారు. రికార్డింగుకి ముందే ఊరు ఖాళీ అవడం మొదలైంది. రైళ్ళ కప్పుల మీద కూడా జనం. ఓంకార్ ఉండేది వేడ్ రోడ్డులో, రోగం ముందు బయటపడ్డ వైపునే. ఇంట్లో మూడేళ్ళ కొడుక్కి ఒళ్ళు కాలిపోతోంది. విశ్వనాథానికి కంపెనీ జీపు వచ్చిందని తెలిసి, తెల్లవారకముందే పెళ్ళాం బిడ్డను తీసుకుని వంతెన దాటి అతని ఇంటికి వెళ్ళాడు.

"తలుపు కొట్టిన. విశ్వనాథం, నేను ఓంకార్‌ను, జర పిలగాన్ని ఎక్కించుకో, మేము నడుచుకుంట వస్తం అన్న. లోపల మాటలు వినవడుతున్నయ్. మీ అమ్మ గొంతు, మీ నాయిన గొంతు, నువ్వు ఏడుస్తున్నవ్. నేను మల్ల పిలిచిన. అందరు సప్పుడు బంద్ జేసిండ్రు. చిన్నపిల్లవు, నీ నోరు సుత మూసినట్టుండ్రు."

నిఖిత పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది.

"మీ అబ్బాయి?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నడు. మలేరియా అది. ఇప్పుడు పల్సానాల డైయింగ్ మిల్లుల సూపర్‌వైజరు, ఇద్దరు పిల్లలు. బతికిండు కాబట్టే గిట్ల చాయ్ తాగుకుంట చెప్తున్న." ఓంకార్ నవ్వబోయి మానేశాడు. "సార్ ఏడికీ పోలే. రోగం తగ్గి నేను మల్ల ఊర్లకు వచ్చినంక, ముగ్గురితోనే రికార్డింగు చేసిండు. ట్రంపెట్ జాగ ఖాళీ ఉంచిండు. వస్తడు, రికార్డింగుకు అందకపోతినని సిగ్గుపడ్తున్నడు, సిగ్గు తగ్గినంక వస్తడు అన్నడు. తలుపు ముచ్చట నేను సార్‌కు చెప్పలే. చెప్తే ఆ జాగ ఎప్పుడో ఇంకొకనికి ఇచ్చేస్తుండె. నాకు చెప్పబుద్ధి గాలే."

"మరి ఇన్నేళ్ళూ ఆ చోట మీరు..."

"తిట్టుకుంట." ఓంకార్ కళ్ళెత్తి మొదటిసారి ఆమెను సూటిగా చూశాడు. "ఆ ఎనిమిదిట్ల సప్పుడు తక్కువుంటది గద. మనసుల మీ నాయినను తిట్టుకుంట డ్రమ్స్ వాయిస్త. ముప్పై ఏండ్ల సంది గదే పని. నువ్వొచ్చి ఆ జాగ నింపితివి. ఇగ నేనేడ తిట్టుకోవాలె చెప్పు?"

నిఖిత లేచి బయటికి నడిచింది. చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద తీసుకొచ్చి సందు మొదట్లోనే ఎందుకు ఆపేవాడో, అమ్మ ఒక్కతే చెయ్యి పట్టుకుని సార్ ఇంటిదాకా ఎందుకు నడిపించేదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. తను పోలేని ఇంటికి కూతుర్ని పంపాడు. సార్ తెలిసే చేర్చుకున్నాడు. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే ఊళ్ళో, ఒకే నదికి చెరో వైపు ఉండి, ఒక పిల్ల చేతివేళ్ళ ద్వారా పలకరించుకున్నారు. ఆ పిల్లకు మాత్రం సంగతి తెలియదు. కోపం వచ్చింది నిఖితకు. ఇద్దరి మీదా వచ్చింది.

విశ్వనాథం వరండా చివర ఒంటరిగా నిలబడి, చల్లారిపోయిన టీ కప్పు పట్టుకుని ఉన్నాడు. కూతురి మొహం చూడగానే కప్పు పిట్టగోడ మీద పెట్టేశాడు.

"ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు.

"ఓంకార్ కాకా."

"ఎంతదాకా చెప్పిండు?"

"తలుపు దాకా."

విశ్వనాథం తల ఊపాడు. భద్రతా మేనేజరుగా ఉన్నప్పుడు ప్రమాదాల విచారణలో కూర్చుని అందరి మాటలూ విన్నాక ఇలాగే తల ఊపేవాడేమో.

"ఆయన చెప్పిందాంట్ల తప్పు లేదు బేటా. నువ్వు రెండేండ్ల పిల్లవు. నీకు జ్వరం లేదు, వాళ్ళ పిలగానికి ఉంది. జీపు చిన్నది, నాలుగు గంటల తొవ్వ. నేను లెక్క వేసిన. ఎట్ల చూసినా ఆ లెక్క కరెక్టే. నా నౌకరీల సుత అంత కరెక్టు లెక్క ఎప్పుడు వెయ్యలే. అందుకే మల్ల ఎన్నడు ట్రంపెట్ ముట్టలే."

"సార్ ఎదురు చూశారు నాన్నా. చివరిదాకా."

"తెలుసు. ఆ క్యాసెట్ నేను కొన్న. ఆ ఖాళీ విన్న." ఆయన పిట్టగోడ మీది కప్పును పక్కకు జరిపాడు. "నీకు కోపం ఉంటది. ఉండాలె. నేను ఇంటికి పోత. అమ్మకు చెప్పు, తరువాత ఆటోల రమ్మను."

మరొకసారైతే నిఖిత చెయ్యి పట్టుకుని ఆపేది. ఇప్పుడు ఆపబుద్ధి కాలేదు. లోపల గంట కొట్టారు.

"ఆ చోట నేనేం వాయించను. వాయించే హక్కు నాకు లేదు, ఇప్పుడు తెలిసింది. ఉంటారో వెళ్తారో మీ ఇష్టం" అని చెప్పి వచ్చేసింది.

రెండో సగం ఎలా గడిచిందో నిఖితను అడిగితే చెప్పలేదు. వేళ్ళకు తెలిసిన పని వేళ్ళు చేసుకుపోయాయి. చివరికి ఖోర్షెద్ ఆంటీ మైకు ముందుకొచ్చి, "నౌషిర్ నే గమ్తూ" అంటూ మొదలుపెట్టి, మాట పూర్తి చెయ్యకుండానే కూర్చుంది. నౌషిర్‌కు ఇష్టమైనది అని చెప్పబోయింది. ఆ మాత్రం అందరికీ అర్థమైంది.

'సామే పార్' మొదలైంది. బాణీ నెమ్మదిగా, ఒడ్డున నిలబడి పడవ కోసం చూసే మనిషి అడుగులు మార్చుకున్నట్టు నడిచింది. క్రాంతి కళ్ళు మూసుకుని మునిగిపోయాడు. ఓంకార్ పుల్లలకు బదులు సన్న తీగల బ్రష్‌లు పట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా నిఖిత చేతుల మీదే చూపు పెట్టాడు. ఆ చోటు వచ్చింది.

నిఖిత చేతులెత్తి ఒళ్ళో పెట్టుకుంది.

ఏడాదిపాటు కట్టుకున్న వీడ్కోలు వేళ్ళ చివర్ల దాకా వచ్చి కొట్టుకుంటోంది. పిడికిళ్ళు బిగించి దాన్ని లోపలే ఉంచుకుంది. వెనక వరుసల్లో అనుకున్నట్టే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇంకో ఇద్దరు కలిశారు. నాలుగేళ్ళ కిందట తల కొట్టేసినట్టు చేసిన చప్పట్లు ఈసారి ఆమెను తాకలేదు. తాము తొందరపడ్డామని తెలిసి అవి సిగ్గుతో ఆగిపోయాయి. ఓంకార్ చూపు ఆమె చేతుల మీదనుంచి మొహం మీదికి వచ్చింది. గడ్డం ఒక్కసారి కిందికి దించాడు. ఇక లేచిపోడని ఆమెకు అర్థమైంది.

అప్పుడామె మూడో వరుస వైపు చూసింది. అమ్మ ఉంది. పక్క కుర్చీ ఖాళీ.

వెళ్ళిపోయాడన్నమాట. ఇష్టం అని తనే చెప్పింది. ఆరో ఆవర్తం. ఏడు. ఇక పియానో అందుకోవాలి. వేళ్ళు మీటల మీదికి తెస్తూ ఓంకార్ వైపు చూస్తే ఆయన ఆమెను చూడటం లేదు. స్టేజీ పక్కనున్న తెర వైపు చూస్తున్నాడు. బ్రష్ తిరుగుతూనే ఉంది గానీ ఆయన దవడ బిగుసుకుపోయింది.

తెర పక్కన విశ్వనాథం నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. ఉత్త చేతులతో వచ్చాడు.

ఎనిమిదో ఆవర్తం పూర్తయింది. నిఖిత పియానో అందుకోలేదు. క్రాంతి కళ్ళు తెరిచి కంగారుగా చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి, చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఖాళీ మళ్ళీ మొదటినుంచి మొదలైంది. నౌషిర్ సార్ ఎన్నడూ ఇలా చెయ్యలేదు, ఎవరూ చెయ్యలేదు. ఇది తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. ఆయన వచ్చేదాకా తలుపు మూయకూడదని మాత్రం అనిపించింది, అంతే.

విశ్వనాథం హాలంతా చూస్తుండగా స్టేజీ మీద నడిచాడు. పియానో దాటాడు. కూతురి వైపు తల తిప్పలేదు. డ్రమ్స్ ముందు ఆగి, రెండు చేతులూ జోడించి, ఓంకార్‌కు మాత్రమే వినబడాలని చిన్నగా అన్నాడు.

"ఓంకార్, ఆ రోజు నేను లోపలనే ఉన్న. నీ గొంతు విన్న. విని తలుపు తియ్యలే."

పాపం, ఆయన ఈ కాలపు స్టేజీలు ఎరుగడు. డ్రమ్స్ మీద సన్న చప్పుడు పట్టడానికి రెండు మైకులు వేలాడుతున్నాయి. ఆయన చిన్నగా అన్న మాట హాలు నాలుగు మూలలా మోగింది. గుజరాతీవాళ్ళు, పార్సీలు ఇదేదో కచేరీలో భాగమే అనుకుని ఆసక్తిగా ముందుకు వంగారు. ఆ తెలుగు మాట అర్థమైనవాళ్ళు ఆ హాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది.

ఓంకార్ చేతిలో బ్రష్ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆ చోట ఆ చెయ్యి ఆగడం ఇదే మొదలు. ఆయన నోరు తెరిచేలోపే మూడో వరుసలో కుర్చీ కిర్రుమంది. లలిత లేచి నిలబడి ఉంది. కొంగు చివర పిడికిట్లో నలిగిపోతోంది. ఎన్నడూ నలుగురిలో గొంతెత్తని మనిషి, ఇప్పుడు మైకు అవసరం లేకుండానే హాలంతా వినబడేలా పిలిచింది.

"ఓంకారన్నా, ఆయన అబద్ధం చెప్తున్నడు. గడియ మీద చెయ్యి వేసిండు ఆయన. ఆ చెయ్యి గుంజి, తలుపుకు అడ్డం నిలబడింది నేను."